వారానికి రెండు సాయంత్రాల మీసం

కెప్టెన్ లాత్‌బరీకి మీసం వారానికి రెండు సాయంత్రాలే ఉండేది. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. మిగతా వేళల్లో అది మెత్తటి కాగితం చుట్టుకుని, చేతిరుమాళ్ల సొరుగులో ఒక చిన్న పెట్టెలో పడి ఉండేది. మంగలి స్లీత్ పల్చటి వలగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుకా కుట్టి చేసిన మీసం అది. నిజం చెప్పాలంటే దేవుడిచ్చిన మీసాలు కూడా అంత తీరుగా ఉండవు.

"కదలకండి," అంది ఆగస్టా. భర్తను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి పై పెదవి మీద కుంచెతో జిగురు రాస్తోంది. "నవ్వకండి కూడా. పోయినసారి నవ్వితే ఎడమ కొస లేచి, మీ మొహానికి గాలిపటం కట్టినట్టయింది."

"నవ్వే స్థితిలో లేనులే," అన్నాడు ఎడ్మండ్ పెదవులు కదలకుండా.

"అయితే మాట్లాడకండి."

మాట్లాడకుండా ఉండటం అతని వల్ల కాలేదు. పొద్దున బ్యాంకులో జరిగింది లోపల ముల్లులా ఉంది. జిగురు ఆరేలోపే భార్యకు చెప్పేశాడు.

లాత్‌బరీ బ్యాంకులో భాగస్వాముల గదికి ఒక గాజు తలుపు ఉంది. అందులోంచి కౌంటరంతా కనపడుతుంది. పొద్దున పెదనాన్న జొసయస్ లాత్‌బరీ ఈక కలం చెక్కుతూ చెక్కుతూ ఆగి, ఆ కలంతోనే తలుపు వైపు చూపించాడు.

"అదేమిటి?"

"పాస్క్, పెదనాన్నా. వసంతం నుంచీ వెక్స్‌కూంబ్ శాఖలో ఉండి నిన్న సాయంత్రమే తిరిగొచ్చాడు."

"పాస్క్ అని నాకూ తెలుసురా. పాస్క్ ముక్కు కింద ఉన్నదేమిటని అడుగుతున్నా."

"మీసం."

"నా కౌంటర్లో!" పెద్దాయన కలం కింద పెట్టాడు. "మీ తాత రోజుల నుంచీ ఈ గడప లోపల మూతి దాచుకున్న మనిషి లేడు. మూతి కనపడనివాడి మాట ఎవడు నమ్ముతాడు? శనివారం సంత. సంతకొచ్చిన రైతులు ఆ చీపురుకట్టను చూడకూడదు. అదైనా పోవాలి, మనిషైనా పోవాలి. నీ సార్జెంటేగా వాడు? నువ్వే చెప్పు."

తమాషా ఏమిటంటే పాస్క్ మూతి మీదకి ఆ చీపురుకట్ట వచ్చింది ఎడ్మండ్ మాట మీదే. వారానికి రెండు సాయంత్రాలు కవాతు చేసే ఊరి స్వచ్ఛంద తుపాకి కంపెనీకి ఎడ్మండ్ కెప్టెన్, పాస్క్ సార్జెంటు. పట్టాళంలో మీసం లేనివాడు సిపాయి కాదు. మనం స్వచ్ఛందంగా తుపాకి పట్టినవాళ్లమైనా వాళ్లకి తీసిపోకూడదని, వేసవి తనిఖీ నాటికి కంపెనీలో ప్రతి ఒక్కరూ మీసం పెంచాలని, వసంతంలో కెప్టెన్ గారే బల్లెక్కి ఉత్తర్వు చదివాడు. చదివాక ఇంటికొచ్చి పెదనాన్న గుర్తొచ్చి చల్లబడ్డాడు. అప్పుడు స్లీత్ గుర్తొచ్చాడు. అటు బ్యాంకుకీ ఇటు కంపెనీకీ మాట రాకుండా సర్దుకున్నానని మురిసిపోయాడు. పగలంతా నున్నటి మూతితో కనిపించిన మనిషి పొద్దుగూకేసరికి కోరమీసంతో కవాతుకొస్తే మార్ల్‌స్టోలో ఒక్కరూ నోరు విప్పలేదు. పాదిరీగారి విగ్గు పక్కకి జారినా ప్రసంగం విన్నట్టే వినే ఊరు అది. ఎవరూ అనకపోయేసరికి ఎవరికీ తెలియదనుకోవడం మొదలుపెట్టాడు.

"అయితే పాస్క్‌కి చెప్పారా?" అంది ఆగస్టా, మీసం పెదవి మీద ఆనించి తడిగుడ్డతో అద్దుతూ.

"చెప్తాను."

"ఎప్పుడు?"

"వీలు చూసుకుని."

"ఇది పెట్టుకునా, తీసేసా?"

ఎడ్మండ్ వేలితో మీసం చూపించి తల అడ్డంగా ఊపాడు. జిగురు ఆరాలి, మాట్లాడకూడదని. ఆవిడ కుంచె కడుక్కుంటూ, "మంచి సమయంలో ఆరుతుంది మీ జిగురు," అంది.

కవాతు ధాన్యపు అంగడి హాల్లో. పైన అద్దాల కప్పు, కింద నేల పగుళ్లలో చిక్కుకున్న గోధుమ గింజలు. బూడిదరంగు కోట్లలో జీను కుట్టేవాడు, వడ్రంగులు, దుకాణాలవాళ్లు, లాయరు గారి గుమాస్తాలు బారులు తీరి ఉన్నారు. వాళ్ల ముందు పాస్క్ నిలబడి ఉన్నాడు.

గిడియన్ పాస్క్ పుట్టుకతో గ్రహణం మొర్రివాడు. పసితనంలో ఏ వైద్యుడో కుట్టాడు గానీ పై పెదవి మీద ఆ కుట్టు ఎగుడుదిగుడుగా, తెల్లగా మిగిలిపోయింది. అతని తల్లి కడుపుతో ఉండగా కుందేలు ఎదురొచ్చిందని ఊరివాళ్లు చెప్పుకునేవారు. వీధి పిల్లలకి ఆ మాట చాలు, అతను కనపడితే చెవుల దగ్గర వేళ్లు పెట్టుకుని గెంతేవారు. ఇరవై ఏళ్ల కొలువులో అతను కౌంటరు దగ్గర నోటికి చేతిరుమాలు అడ్డం లేకుండా మాట్లాడటం ఎవరూ చూడలేదు. లెక్కల్లో దిట్ట, చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. కానీ మాట మాత్రం గుడ్డ చాటునే.

అలాంటి మనిషి ఇప్పుడు రెండు చేతులూ తొడలకి ఆనించి, మీసం కింద నోరంతా తెరిచి, "కంపెనీ... సావధాన్!" అని అరిచాడు. పై అద్దాలు జిల్లుమన్నాయి. బారులన్నీ ఒక్క మడమగా కదిలాయి. ఎడ్మండ్‌కి ఒళ్లు పులకరించింది. ఈ గొంతు ఇన్నేళ్లూ ఆ రుమాలు వెనక ఎక్కడ దాగిందో అనుకున్నాడు.

కవాతు అయ్యాక చెప్పేద్దామని దగ్గరికి వెళ్లాడు. పాస్కే ముందు అందుకున్నాడు.

"కెప్టెన్ గారూ, శనివారం తనిఖీ చూడటానికి పైఊరివాళ్లు రావచ్చాండీ?"

"రావచ్చు. ఎవరొస్తున్నారు?"

"వెక్స్‌కూంబ్‌లో రొట్టెల దుకాణం ఉందండీ. మిసెస్ థార్న్ అని. భర్త పోయి మూడేళ్లయింది." పాస్క్ చెవులు ఎర్రబడ్డాయి. "రోజూ అక్కడే తినేవాణ్ని. చర్చికి కూడా కలిసే వెళ్లాం. ఆవిడ నన్నెప్పుడూ... ఇలాగే చూసిందండీ. ముందు నేనెలా ఉండేవాణ్నో ఆవిడకి తెలీదు." వేలు దానంతట అదే మీసం మీదకి వెళ్లింది. "ఈ ఆదివారం అడుగుదామనుకుంటున్నా."

"మంచిది," అన్నాడు ఎడ్మండ్. "చాలా మంచిది." కత్తి సర్దుకుంటూ ఇంటిదారి పట్టాడు.

బుధవారమంతా బ్యాంకులో పాస్క్ వైపు చూడకుండా గడిపాడు. పెద్దాయన మాత్రం అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసి కలం చెక్కుకున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది మన కెప్టెన్ పని. చెప్పకపోతే పాస్క్ కొలువు పోతుంది. చెబితే పాస్క్ అడగబోయే ఆ ఒక్క మాటా అడగకుండానే పోతుంది. మూడో దారి ఒకటుంది. పెదనాన్నకి ఎదురు నిలబడి కాదనడం. కానీ తన ముప్పై ఎనిమిదేళ్ల బతుకులో ఆ గదిలో ఆ మాట ఎవరూ అనగా ఎడ్మండ్ వినలేదు. తను అనగలడని అనుకోలేదు కూడా.

గురువారం కవాతు అయ్యాక తెగించాడు. బారులు విడిపోయాయి. జనం తుపాకులు తుడిచి గోడకి ఆనిస్తున్నారు. పాస్క్‌ని స్తంభం పక్కకి పిలిచాడు. కాసేపు వాతావరణం గురించి, కాసేపు కొత్త తోలు పట్టీల గురించి నీళ్లు నమిలాడు. ఆఖరికి చెప్పాడు.

"పాస్క్, బ్యాంకులో పెద్దాయన... నీ మీసం విషయం. శనివారం పొద్దునకల్లా తీసేయాలట."

 పాస్క్ కెప్టెన్ మొహంలోకి, సరిగ్గా ముక్కు కిందకి చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది. ఎడ్మండ్‌కి తేలు కుట్టిన దొంగ సంగతి అప్పుడు బాగా తెలిసొచ్చింది. జిగురు కింద పెదవి చెమర్చింది.

"ఇది ఎవరి ఉత్తర్వండీ? కెప్టెన్ గారిదా, బ్యాంకుదా?"

"బ్యాంకుది."

"అయితే బ్యాంకే బ్యాంకులో చెప్పాలండీ. ఇక్కడ నాకు కెప్టెన్ గారిచ్చిన ఉత్తర్వే ఉంది." సలాం కొట్టి, మడమ తిప్పి, తుపాకుల లెక్క చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు ఎడ్మండ్ మళ్లీ చెప్పాల్సొచ్చింది. ఈసారి నున్నటి మూతితో. ఒకే మాట రెండుసార్లు మోయడం ఎంత బరువో ఆ రోజు తెలిసింది. పాస్క్ ఇత్తడి తూనికరాళ్లు గుడ్డతో తుడుస్తున్నాడు. విన్నాడు. చేతిలోని రాయిని దాని గుంటలో పెట్టి, తర్వాతది తీశాడు.

"సరేనండీ."

"పాస్క్, నాకు మాత్రం ఇష్టమై కాదు..."

"తెలుసండీ," అన్నాడు పాస్క్ తలెత్తకుండా. "మీకు ఇష్టమైతే ఈ మాట చెప్పడానికి నాలుగు రోజులు పట్టేది కాదు."

శనివారం పొద్దున్నే సంత జోరుగా ఉంది. బ్యాంకులో గొర్రెల వాసన, తడి ఉన్ని వాసన, పైప్ పొగ. ఎడ్మండ్ తలుపు వైపు చూడకూడదనుకుని చూశాడు. పాస్క్ పెదవి మీద మీసం లేదు. ఎండ తగలని ఆ చోటు మిగతా మొహం కంటే పాలిపోయి, మధ్యలో కుట్టు మునుపటికంటే కొట్టొచ్చినట్టు కనపడుతోంది. కనపడింది ఆ ఒక్క క్షణమే. ఎదర రైతు భార్య నిలబడగానే చేతిరుమాలు నోటి మీదకి లేచింది.

"ఏంటయ్యా?" అంది ఆవిడ. "గట్టిగా చెప్పు. గుడ్డలో గొణిగితే నాకేం తెలుస్తుంది?"

పాస్క్ మళ్లీ చెప్పాడు. మళ్లీ గుడ్డలోనే. ఆవిడ విసుక్కుంటూ చెయ్యి చెవికి ఆనించుకుంది. మంగళవారం సాయంత్రం అద్దాల కప్పుని అదరగొట్టిన గొంతు అదేనని చెబితే ఆ మనిషి నమ్మేది కాదు. ఎడ్మండ్‌కి సిగ్గేసింది. ఆ గుడ్డ తనే తీసుకెళ్లి అక్కడ పెట్టినట్టు అనిపించింది.

"ఇప్పుడు బాగుంది," అన్నాడు పెదనాన్న. "మనిషిలా ఉన్నాడు."

మధ్యాహ్నం ఇంట్లో జిగురు సిద్ధంగా ఉంది. ఆగస్టా ఇవాళ పరాచికాలు ఆడలేదు. ఎండగా ఉంది, జిగురు కరుగుతుందేమో అని మాత్రం అంది.

"గట్టిగా అంటించు," అన్నాడు ఎడ్మండ్. "ఈ ఒక్క పూట ఊడకుండా ఉంటే చాలు. సోమవారం నుంచి ఇదీ వద్దు, కవాతూ వద్దు. రాజీనామా ఇచ్చేస్తాను."

"రాజీనామా ఇస్తే పాస్క్ మీసం తిరిగొస్తుందా?" అంది ఆవిడ. రెండో పూత కూడా వేసింది.

తనిఖీ నది ఒడ్డు పచ్చికలో. కట్టిన తాడుకి అవతల ఊరు ఊరంతా ఉంది. గొడుగులు, బుట్టలు, అల్లం రొట్టెలమ్మే బండి, బాండు మేళం. పెదనాన్న తన బండిలోనే కూర్చుని, టోపీ అంచు కళ్లమీదకి లాక్కుని చూస్తున్నాడు. తాడుకి దగ్గరగా, పసుపు రిబ్బను టోపీలో, బొద్దుగా ఉన్న ఒకావిడ చంకలో రొట్టెల బుట్టతో నిలబడి ఉంది. మార్ల్‌స్టో మొహం కాదు. ఆవిడే మిసెస్ థార్న్ అని ఎడ్మండ్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎందుకంటే ఆవిడ కళ్లు కంపెనీలో ఇంకెవరినీ చూడటం లేదు.

పాస్క్ బారుకి కుడి కొసన నిలబడ్డాడు. సార్జెంటు చోటు అది. అందరికంటే ముందు కనపడే చోటు. సావధాన్‌లో ఉన్నవాడు చెయ్యి పైకెత్తకూడదు. కుడిచేతిలో తుపాకి, ఎడమచెయ్యి తొడకి. నోరు కప్పుకోవడానికి ఆ మనిషికి ఏ దారీ లేదు. పై పెదవి మీద చెమట మెరుస్తోంది. రెప్ప వాల్చకుండా నది అవతలి ఒడ్డు వైపు చూస్తున్నాడు.

కల్నల్ ట్రెహర్న్ అసలు పట్టాళం మనిషి. తెల్లటి గుబురు మీసాలు, ఎండకి కమిలిన మెడ. గుర్రం దిగి, ఎడ్మండ్‌ని పక్కన పెట్టుకుని బారు చూడటం మొదలుపెట్టాడు. మొదటి అడుగులోనే ఆగిపోయాడు.

"మీ కంపెనీలో మీసాల ఉత్తర్వు ఉందని విన్నాను, కెప్టెన్. మెచ్చుకుందామనుకున్నాను. మరి మీ సార్జెంటే ఇలా ఉన్నాడేం?"

ఎడ్మండ్ కత్తి పిడి సర్దుకున్నాడు. 

"రేజరు జారిందండీ," అన్నాడు పాస్క్, అవతలి ఒడ్డు వైపే చూస్తూ. "తప్పు నాది."

"తనిఖీ రోజునే జారిందా? అంత చెయ్యి వణికేవాడు తుపాకి ఏం పడతాడు? వెనక వరసలో నిలబడు."

"చిత్తమండీ."

పాస్క్ వెనక్కి తిరిగి, అడుగు తప్పకుండా, బారు చుట్టూ నడిచి వెనక వరస చివర నిలబడ్డాడు. తాడు అవతల పసుపు రిబ్బను అటు తిరిగింది. ఎడ్మండ్‌కి ఆవిడ మొహం కనపడలేదు.

కల్నల్ నడిచాడు. ఎడ్మండ్ నడిచాడు. ఒకడి బొత్తాం, ఒకడి బూటు, ఒకడి తుపాకి గొట్టం. కల్నల్ అన్నీ చూశాడు. ఇంకాస్త దూరం నడిస్తే అయిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అని ఎడ్మండ్ మనసు గొణుగుతూనే ఉంది. బారు చివరికొచ్చాక కల్నల్ కంపెనీ అంతటికీ వినపడేలా గొంతు పెంచాడు.

"మీరంతా మీ కెప్టెన్ని చూసి నేర్చుకోవాలి. మీసం అంటే అదీ! కత్తిరింపులో తేడా లేదు, మెలికలో తేడా లేదు. ఆయన తన ఉత్తర్వుని తనే మొదట పాటించాడు. నాయకుడంటే అలా ఉండాలి."

ఒక్కరూ నవ్వలేదు. రెండు వరసల మొహాలూ బిగుసుకుపోయాయి. చూసీ చూడనట్టున్న ఆ మొహాలన్నిటినీ చూశాక ఎడ్మండ్‌కి అర్థమైంది. వీళ్లందరికీ మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ తన పరువు కాపాడుతున్నారు. ఇప్పుడు వెనక వరసలో చెమట కారుస్తూ నిలబడ్డవాడు కూడా కాపాడాడు, తన పరువు పోగొట్టుకుని మరీ.

చెయ్యి పైకి లేచింది. మీసం ఎడమ కొస పట్టుకుని లాగాడు.

రాలేదు. ఆగస్టా వేసిన రెండు పూతలు ఊరికే పోతాయా! కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ లాగాడు. పెదవి ముందుకు సాగింది. మూడోసారి చర్మంతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

"కల్నల్ గారూ," అన్నాడు, చిన్న ఎలుకపిల్లలా ఉన్న దాన్ని అరచేతిలో చూపిస్తూ. "ఇది మంగలి దగ్గర కొన్నది. సార్జెంట్ పాస్క్ రేజరు జారలేదు. అతనిది నిజం మీసం. మా బ్యాంకు దాన్ని తీయించింది. తీయమని చెప్పింది నేనే. వెనక నిలబడాల్సింది అతను కాదు."

ముందు వరసలో జీను కుట్టేవాడి ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. పక్కవాడి భుజాలు ఊగాయి. అంతే, నిప్పంటుకున్న గడ్డిలా నవ్వు బారంతా పాకబోయింది. తాడు అవతల కూడా ఎవరో కిసుక్కుమన్నారు.

"వరసలో నవ్వొద్దు!"

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. పచ్చిక మీదుగా, నది మీదుగా వెళ్లి అవతలి ఒడ్డున తగిలి తిరిగొచ్చింది. బాండు వాళ్లు కూడా నిటారుగా అయ్యారు. రెండు వరసలూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి. అల్లం రొట్టెలవాడు అరవబోయి మానుకున్నాడు.

కల్నల్ ఎడ్మండ్ పెదవి మీద రక్తం వైపు చూశాడు, అరచేతి వైపు చూశాడు. ఆయన తెల్లమీసాల కింద ఏదో కదిలింది గానీ దాన్ని అణుచుకున్నాడు.

"ఆ గొంతు ఎవరిది?"

"సార్జెంట్ పాస్క్‌దండీ."

"అలాంటి గొంతుని వెనక పెడితే కంపెనీ చెడిపోతుంది. దాని చోటుకి దాన్ని రప్పించండి. అది జేబులో పెట్టుకోండి, కెప్టెన్. కవాతు కానివ్వండి."

పాస్క్ మళ్లీ చుట్టూ నడిచి కుడి కొసకి వచ్చాడు. ఆ సాయంత్రం ప్రతి ఆజ్ఞా అతని నోట్లోంచే వచ్చింది. పెదవి కదిలినప్పుడల్లా కుట్టు ఒకవైపుకి లాగుతుంటే ఊరంతా చూసింది. కాసేపయ్యాక అందరూ చూసేది కవాతునే అయింది.

బారులు విడిపోయాక ఎడ్మండ్ రుమాలు పెదవికి ఒత్తుకుని గుర్రాల వైపు వెళుతుంటే తాడు దగ్గర ఇద్దరూ కనిపించారు. పాస్క్ చెయ్యి నోటి దగ్గరికి వెళుతోంది. మిసెస్ థార్న్ ఆ చేతిలో రొట్టె ముక్క పెట్టింది, ఇంకెక్కడికీ వెళ్లకుండా.

"ఆ వాన రోజే చూశాను," అంటోంది ఆవిడ. "తలుపు తోసుకుని ముద్దముద్దగా తడిసి రాలేదూ మీరు? తడిసిన మీసం పెదవికి అంటుకుపోతే ఇంక దాగేదేముంది?"

"మరి ఒక్కనాడూ అనలేదేం?"

"మీరు దాచుకుంటున్నారు. దాచుకునేవాళ్ల చేతిలోంచి లాక్కోవడం నాకు చేతకాదు. మీరే చెప్తారని చూశాను. తినండి, ఎండిపోతుంది."

ఎడ్మండ్ చప్పుడు చేయకుండా పక్క నుంచి వెళ్లిపోయాడు. వెనక్కి చూస్తే పెదనాన్న బండి ఉన్నచోట లేదు.

సోమవారం ఎడ్మండ్ గడ్డం, బుగ్గలు గీసుకుని, పై పెదవి వదిలేసి బ్యాంకుకొచ్చాడు. చర్మం లేచిన చోట పెచ్చు కట్టింది. చుట్టూ గరుకు గరుకుగా రెండు రోజుల మొలక. పెద్దాయన కలం చెక్కుతూనే పలకరించాడు.

"పుండు మానగానే గీసేస్తావుగా?"

"లేదు, పెదనాన్నా."

కలం ఆగింది. ఎడ్మండ్ మాట తిన్నగానే వచ్చింది. "ఇది పెరుగుతుంది. పాస్క్‌ని కూడా పెంచుకోమని చెప్పబోతున్నాను. నువ్వు కాదంటే పోవాల్సింది వాడొక్కడే కాదు, మేమిద్దరం."

 పెద్దాయన అతన్ని చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. కోపంతోపాటు ఇంకేదో కూడా ఉంది, ఎడ్మండ్ ఎప్పుడూ చూడనిది.

"పిలు వాణ్ని."

పాస్క్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నున్నగా గీసుకుని ఉన్నాడు, ఈ పొద్దునే. ఎడ్మండ్ చెప్పాల్సింది చెప్పాడు. ఉత్తర్వు రద్దు, ఇకమీదట ఇష్టమొచ్చినట్టు పెంచుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

"వద్దండీ," అన్నాడు పాస్క్.

"వద్దా?"

"శనివారం ఊరంతా చూసేసింది. మిసెస్ థార్న్ అంతకుముందే చూసిందట. నిన్న అడిగాను, సరేనంది. ఇంక ఎవరి కోసమండీ, ఆ దురద?"

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఆయన నవ్వితే గొంతులో గులకరాళ్లు కదిలినట్టుంటుంది. "విన్నావురా కెప్టెన్? మీసం కోసం యుద్ధం ప్రకటించావు. బాగానే ఉంది. నీ సైన్యం ఏదీ?"

ఎడ్మండ్ పాస్క్ వెంట తలుపు బయటిదాకా వచ్చాడు.  పాస్కే ఆగాడు.

"కెప్టెన్ గారూ, మీరు శనివారం చేసింది నేను మర్చిపోను. శుక్రవారం చేసింది కూడా మర్చిపోలేదు. కోపం ఇంకా కొంచెం ఉంది. మీకు తెలియాలని చెప్తున్నానంతే."

"ఉండాల్సిందే," అన్నాడు ఎడ్మండ్.  "పాస్క్, నన్ను క్షమించు."

పాస్క్ తల పంకించి కౌంటరు దగ్గరికి వెళ్లాడు. శనివారం విసుక్కున్న రైతు భార్య మిగిలిన పనికి మళ్లీ వచ్చింది. గాజు తలుపులోంచి ఎడ్మండ్‌కి అన్నీ కనపడుతున్నాయి. పాస్క్ రెండు చేతులూ కౌంటరు చెక్క మీద బోర్లా పెట్టి, ముందుకి వంగి మాట్లాడుతున్నాడు. ఆవిడ ఒకసారి అతని పెదవి వైపు చూసింది, తర్వాత తన సంచి విప్పుకుంది. ఈసారి చెవికి చెయ్యి పెట్టుకోలేదు.

ఎడ్మండ్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పెదవి మీద ఒకటే జిల, చీమలు పాకుతున్నట్టు. వేలు అటే పోయింది.

"గోక్కోకు," అన్నాడు పెదనాన్న, కలం మీద నుంచి చూపు తిప్పకుండా. "సొంతది మొలిచేటప్పుడు అలాగే ఉంటుంది."